కాగితానికి రెండో వైపు

అరుదైన భాషల గది. తలుపు మీద అలా రాసి ఉండేది.
కోట్లమంది అన్నం తింటూ తిట్టుకునే భాష
లివర్‌పూల్‌లో, మూడో అంతస్తులో,
ఐస్‌లాండిక్‌కీ మాల్టీస్‌కీ నడుమ
ఒక బల్ల, ఒక దీపం, నేను.

లా చదవడానికొచ్చి యుద్ధంలో ఇరుక్కున్నవాణ్ణి.
వారానికి నాలుగు పౌన్లు.
పొద్దున్నే మిస్ ఎంట్విసిల్ కత్తెర చేతికిచ్చి
సంతకం పెట్టించుకునేది. సాయంత్రం మళ్ళీ లెక్క.
"మనం ఆపేది కాగితాన్నే, ఆలోచనని కాదు" అనేది
చక్కెర లేని టీ నా ముందు పెడుతూ.
మంచి మనిషే. ఎవరి కోసమో మేజోళ్ళు అల్లేది.

ఓడ పేరు తీసెయ్. రేవు పేరు తీసెయ్.
వాన పడిందని రాస్తే వాన తీసెయ్.
కిటికీ బయట మెర్సీ మీద ఆర్నెల్లుగా అదే వాన,
నా బల్ల మీద మాత్రం చుక్క లేదు.
అటునుంచి వచ్చేవాటిలో ఆకలి తీసెయ్,
ధర తీసెయ్,
రాత్రి పోలీసులు ఎవర్ని పట్టుకెళ్ళారో తీసెయ్.
"ఇక్కడంతా క్షేమం" ఒక్కటే
ఎవరి ఉత్తరంలోనైనా చెక్కుచెదరకుండా మిగిలేది.

భీమిలి నుంచి నూకరత్నం చెప్తుంటే
ఎవరో పంతులు రాసిపెట్టిన ఉత్తరం.
మొగుడు ఎల్లాజీ, ఓడ అడుగున బొగ్గు ఎత్తేవాడు.
రెండో వరసలోనే
"బియ్యం రూపాయికి రెండు సేర్లు, అయ్యీ పురుగులు."
కత్తెర పెట్టాను. నున్నగా, కొలిచినట్టు,
బొటనవేలంత కిటికీ.
వెలుతురుకేసి పట్టి చూసుకున్నాకగాని తట్టలేదు
కాగితానికి రెండో వైపు ఉంటుందని.
"మన పిల్లకి పేరెట్టినాం. పేరు"
అక్కణ్ణుంచి కన్నం.
కన్నంలోంచి మిస్ ఎంట్విసిల్ అల్లిక సూదులు కదులుతున్నాయి.

పేరు నా వేళ్ళ మధ్య ఉంది.

తీసింది తిరిగి అతికించకూడదు.
అంచుల్లో మన చేత్తో ఏదీ రాయకూడదు.
కవరు మూసి, ముద్ర కొట్టి, పంపేశాను.

ఎల్లాజీ జవాబు నా బల్లకే వచ్చింది, ఇంకెక్కడికొస్తుంది:
"ఓలె, పిల్ల పేరు ఎలకలు కొట్టేసినాయి. మళ్ళీ రాయించు.
అందాకా పార ఎత్తినప్పుడల్లా
నాను ఓ పేరెట్టి పిలస్తన్నాను.
నిన్న సిలక. ఇయ్యాల పైడితల్లి."
తీసెయ్యాల్సింది అందులో ఏమీ లేదు.
"ప్రమాదమేమైనా ఉందా?" అడిగింది మిస్ ఎంట్విసిల్.
లేదన్నాను.
ఎలకలు అన్న మాట దగ్గర మాత్రం
కత్తెర కాసేపు ఆగింది.

మార్చి తర్వాత అతని చేతిరాత రాలేదు.
ఏ ఓడో నాకు తెలుసు,
ఆ పేరు ఎన్నిసార్లు తీశానో!
తెలిసినట్టు ఉండకూడదు.

ఆ ఏడాదే మొదలైంది.
ట్రామ్‌లో కూర్చుని ఏదో అనుకోబోతే
అనుకోకముందే చెవి వెనక చిన్న చప్పుడు.
కలలో అమ్మ మాట్లాడేది,
మాటల మధ్య తెల్లగా, నలుచదరంగా గాలి.
యుద్ధం అయ్యాక కత్తెర తిరిగిచ్చి సంతకం పెట్టాను.
చప్పుడు ఎవరూ వెనక్కి అడగలేదు.

ఒక దొంగతనం ఒప్పుకోవాలి.
ఆ ముక్క బుట్టలో వెయ్యలేదు, వాచీ మూత వెనక దాచాను.
ఒక వైపు బియ్యం ధర.
అప్పుడు రాజ్యాన్ని కూల్చేంత ప్రమాదం,
ఇప్పుడు మా మనవడి చరిత్ర పుస్తకంలో మూడు మార్కుల ప్రశ్న.
రెండో వైపు
ఎప్పుడూ ఎవరికీ ప్రమాదం కానిది.
ఈ ఒడ్డున అది నాకొక్కడికే తెలుసు.

ఇదంతా మొదలెట్టింది ఆ పేరు రాద్దామనే.
రెండే అక్షరాలు, ఒకదాని పక్కన సున్నా.
రాశాను. పైకి చదివాను కూడా.
కత్తెర ఇంట్లో లేదు, ఎప్పుడూ కొనలేదు.
చూపుడువేలూ, పక్క వేలూ
వాటంతటవే దగ్గరికొస్తున్నాయి.